శ్రీలత మేడం పాఠం ఎప్పుడు చెప్తుంది?

శ్రీలత మేడం మా వాడకట్టులోని కాలేజీ పిల్లగాడు చైతన్యతో రోజూ సాయంత్రం గంటసేపు ఫోన్లో మాట్లాడుతుందన్న మాట అబద్ధం. ముందు ఆ సంగతి తేల్చి, తర్వాత మిగతాది చెప్తాను. ఆ మాట పుట్టింది చైతన్య తల్లి రుక్మిణి ఇంట్లో. పెరిగింది నీళ్ల ట్యాంకర్ దగ్గర. నా దాకా వచ్చేసరికి గంట కాస్తా రెండు గంటలైంది. దాచడం ఎందుకు, నేను కూడా ఇద్దరు ముగ్గురికి చెప్పాను. అవునని చెప్పిన నోటితోనే కాదని చెప్పాలి కదా, అందుకే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. రాసిందంతా మా మనవరాలు అలేఖ్య దిద్దింది. ఇంకా తప్పులు మిగిలితే అవి నావే.

ఇంకో సంగతి కూడా ఉంది. మేడంను కాలేజీ నుంచి తీసెయ్యాలని మా వాడవాళ్లు ఒక కాగితం రాశారు. పదకొండు సంతకాలైనాయి. మొదటి గీత మాత్రం నాకోసం ఖాళీగా వదిలారు. వాడకట్టులో ఏ కాగితానికైనా ఈ గట్టమ్మ సంతకం, అంటే నా సంతకం, పైన ఉంటే చదివేవాళ్లు సరిగా కూర్చొని చదువుతారని ఒక నమ్మకం. ఆ గీత ఇప్పటికీ ఖాళీగానే ఉంది. కాగితం మా ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉంది. "గట్టమ్మకు మేడం ఏం పెట్టింది?" అని అడుగుతున్నవాళ్లకు జవాబు ఇదే. నాకు ఏమీ పెట్టలేదు. చాయ కూడా పోయలేదు.

మాది భూపాలపల్లిలో బొగ్గుబాయి క్వార్టర్ల వెనక వాడ. నా పెనిమిటి ముత్తయ్య ముప్పై ఏళ్లు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. పోయిన ఏడాది వానాకాలంలో శ్రీలత, ఆమె భర్త మహేశ్ మా వెనక వీధిలో కిరాయికి దిగారు. మహేశ్‌ది చెల్పూర్ కరెంటు ప్లాంటులో పని. ట్రాలీ మీది నుంచి బీరువా దిగకముందే నేను వెళ్లి అడగవలసినవన్నీ అడిగాను. ఆమె ఒక చేత్తో గ్యాస్ పొయ్యి పట్టుకొని అన్నిటికీ జవాబు చెప్పింది. మహబూబాబాద్ దగ్గర పల్లె వాళ్లది. నాయినకు రెండున్నర ఎకరాల చెలక, ప్రతి ఏడూ మిర్చే. చిన్నప్పుడు మిరపకాయలు ఏరి ఏరి చేతులు మండితే మజ్జిగ గిన్నెలో ముంచుకొని నిద్రపోయేదట. ఆ చేతులతోనే వరంగల్‌లో ఎం.ఏ. దాకా రాసింది. జనగామలో ఆరేళ్లు ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పింది. ఇప్పుడు మా ఊరి చివర ఉన్న డిగ్రీ కాలేజీలో, అదీ ప్రైవేటుదే, చేరబోతున్నది. మా అలేఖ్య, రుక్మిణి కొడుకు చైతన్య ఇద్దరూ చదివేది అక్కడే.

నా ప్రశ్నలు అయిపోయాక ఆమె ఒకటి అడిగింది.

"మీరు బడికి ఎందుకు బంద్ చేసిండ్రు పెద్దమ్మా?"

అరవై నాలుగేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ఏదో చెప్పబోయాను. నిజంగా ఎందుకు మానేశానో నాకే గుర్తు రాలేదు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా అదే ఆలోచించాను. ఈ మనిషి సామాన్యురాలు కాదని ఆ రోజే అనుకున్నాను.

ఇక మొన్న శ్రావణంలో రుక్మిణి పరుగున వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మా, నా కొంప మునిగింది. పోరడు తలుపు పెట్టుకుంటున్నడు. లోపట ఆడపిల్ల గొంతు. గోడకు చెవి పెట్టి విన్న. గా శ్రీలత మేడమే!"

"ఏం మాట్లాడుతున్నది?"

"నాకేం సమజ్ కాలే. కని అన్నదే మళ్లా అంటున్నది పెద్దమ్మా. ఒక్క మాట నాలుగుసార్లు అన్నది. ఆఖరుకు 'రేపు మాట్లాడుకుందాం' అన్నది. అన్న మాట మళ్లా మళ్లా అనుడంటే ప్రేమ గాకపోతే ఏంది?"

"మీవాడేమన్నడు?"

"ఉలుకు లేదు, పలుకు లేదు. ఆమెనే మాట్లాడుతది, వీడు ఇంటడు."

నా అనుభవంలో ప్రేమలో ఉన్న మగపిల్లవాడు వినడం చూడలేదు. అయినా అప్పుడు ఆ అనుమానం రాలేదు. రుక్మిణి ఏడుస్తుంటే నేను కూడా మేడంను నాలుగు తిట్టాను.

మూడు రోజులకు సాయంత్రం వాన పడి వెలిసింది. కూరగాయల బండి వస్తే నేను గేటు దగ్గర నిలబడ్డాను. బండి దగ్గర శ్రీలత మేడం టమాటలు ఏరుతున్నది. గొడుగు చంకలో ఉంది. "నిన్నటికంటె రేటు ఎందుకు పెరిగింది?" అని బండివాణ్ని అడుగుతున్నది. వాడు వాన అంటున్నాడు. "వాన నిన్న గూడ పడ్డది కద?" అంటున్నది. సరిగ్గా అప్పుడే నా వెనక, మా ఇంట్లో నుంచి, అదే గొంతు గట్టిగా వినిపించింది: "ధర పెరిగితే కొనేవాళ్లు ఏం చేస్తారు? ఒక్క నిమిషం ఆపి ఆలోచించండి."

నేను ముందుకు చూశాను. మేడం టమాట పట్టుకొని ఉంది, నోరు మూసే ఉంది. వెనక్కి చూశాను. ఇంట్లో మేడం మాట్లాడుతూనే ఉంది. ఇంట్లోకి పరుగెత్తాను. అలేఖ్య మంచం మీద ఫోన్ ముందు పెట్టుకొని కూర్చుంది.

"ఎవలే గది?"

"మేడం పాఠం అవ్వా. చెవులల్ల పెట్టుకునేది ఖరాబైంది, గందుకే బయటికి పెట్టిన."

"మేడం బయట టమాటలు కొంటున్నది కదనే!"

"ఇంట్ల కూసొని పాఠం చెప్పి, ఫోన్ల నింపి మాకు పంపిస్తది. పన్నెండు నిమిషాలే. సమజ్ కాని కాడ వెనక్కి పోయి మళ్లా ఇంటం."

అప్పుడు నాకు అర్థమైంది. చైతన్య గదిలో అన్న మాటే నాలుగుసార్లు ఎందుకు వినపడిందో, పన్నెండు నిమిషాలు గంట ఎట్లయిందో. పోరడు ప్రేమలో పడలేదు. పాఠంలో చిక్కుకున్నాడు.

అదే నిమిషంలో రుక్మిణిని పిలిపించి వినిపించాను. ఆమె గుండె మీద చెయ్యి వేసుకొని హమ్మయ్య అన్నది. ఇంత పరువు తీసుకున్నానే అని కొద్దిగా ఏడ్చింది. తర్వాత ఒక్కసారి తల ఎత్తింది.

"మరి పాఠం ఫోన్లనే చెప్తే, క్లాసుల ఏం చేస్తున్నది?"

ఇద్దరం అలేఖ్య వైపు చూశాం.

"క్లాసుల ఏం చెప్పదు" అన్నది అలేఖ్య. "అడుగుతది."

"ఏమడుగుతది?"

"అన్నీ. మనం జెప్పాలె. తప్పు జెప్పినా తప్పు అనదు. 'ఔనా, మరి గట్లయితే ఇదేంది?' అంటది. పక్కోనితోని మాట్లాడుమంటది."

"క్లాసుల పక్కోనితోని మాట్లాడితే మా సారు తొడపాశం పెడుతుండె" అన్నాను.

"నాకు భయమైతది అవ్వా. పాతసారు చెప్తుంటే రాసుకునేదాన్ని. నోటుబుక్కు నిండేది. ఇప్పుడు బుక్కు ఖాళీ."

"మరి మార్కులు?"

"పోయినసారి ఎన్నొచ్చినయో ఈసారి గూడ గన్నే వచ్చినయి."

ఇది నన్ను ఇంకా తికమక పెట్టింది. తగ్గితే తప్పు అనేవాళ్లం, పెరిగితే సరే అనేవాళ్లం. సమానంగా వస్తే ఏమనాలి? రుక్మిణికి మాత్రం ఏ తికమకా లేదు. ఒక తప్పు పోయిందని ఇంకో తప్పు పట్టుకుంది. కాలేజీకి ఫీజు కడుతున్నది మేడం చెప్తదని కదా, చెప్పకపోతే ఆమె అక్కడెందుకు, పిల్లలు అక్కడెందుకు అని వాడంతా తిరిగింది. రెండు రోజుల్లో కాగితం తయారైంది. ప్రిన్సిపాల్ కూడా, తల్లిదండ్రులు రాసిస్తే దసరా తర్వాత వేరే సారును చూస్తానని అన్నాడట. సోమవారం సాయంత్రం ఇవ్వాలని అనుకున్నారు. నా సంతకం ఒక్కటే బాకీ.

నేను పెడతాననే అన్నాను. కానీ ఏ సంగతైనా సగం తెలిస్తే నాకు నిద్ర పట్టదు. జనగామలో మా చెల్లె యాకమ్మ ఉంది. ఆమె చిన్న కూతురు చదివింది శ్రీలత మేడం పనిచేసిన ఆ కాలేజీలోనే. ఫోన్ చేశాను.

"శ్రీలత మేడమా!" అని యాకమ్మ అరిచినంత పని చేసింది. "అక్కా, ఆమె పాఠం జెప్తే పక్క క్లాసు పోరగాండ్లు కిటికీల కాడ నిలబడి ఇనేటోళ్లు. నా బిడ్డ ఇంటికొచ్చి ఆమె లెక్కనే చేతులు తిప్పుకుంట చెప్పేది. గొంతు పోతదని ఓమనీళ్ల సీస పట్టుకొని తిరుగుతుండె. ఆమె పోయిన్నాడు పిల్లలు ఏడ్చిండ్రు."

"ఇక్కడ నోరే ఇప్పుతలేదట చెల్లె."

"ఎవలో వేరే శ్రీలత అయ్యుంటది అక్కా. జర మంచిగ చూస్కో."

చూడక ఏం చేస్తాను? శనివారం పొద్దున మంచి చీర కట్టుకొని అలేఖ్యతో పాటు ఆటో ఎక్కాను. మేడం క్లాసు తలుపు దగ్గర నిలబడి, "జర కూసుంట బిడ్డా" అన్నాను. ఎందుకొచ్చారని ఆమె అడగలేదు. కాగితం సంగతి అప్పటికే ఆమెకు తెలుసని తర్వాత విన్నాను. చివరి బెంచీ చూపించింది. బల్ల మీద ఓమనీళ్ల సీసా ఉంది. యాకమ్మ చెప్పిన శ్రీలత ఈమేనని అప్పుడు నమ్మాను.

మేడం బోర్డు మీద రెండే మాటలు రాసింది. పోయిన ఏడు మిర్చికి మంచి రేటు వచ్చింది. ఈ ఏడు మీ ఇంట్లో ఏం పెట్టాలి?

అంతే. చాక్‌పీసు కింద పెట్టి బెంచీల మధ్యకు వచ్చింది. ఇక మొదలైంది లొల్లి. అంగడి రోజు కూడా అంత లొల్లి ఉండదు. ముప్పై మంది ఒకరి మాట ఒకరు విననట్టు మాట్లాడుతున్నారు. మేడం ఒక బెంచీ దగ్గర వంగి వింటుంది, ఇంకో బెంచీకి పోతుంది, ఏదో ఒక మాట అడుగుతుంది, కదిలిపోతుంది. ఇది చూసి నాకు రుక్మిణి మాటే నిజమనిపించింది. సంతకం పెడదామని అక్కడే గట్టిగా అనుకున్నాను.

అప్పుడామె నా దగ్గరకు వచ్చింది. "పెద్దమ్మా, మీరేమంటరు?"

"గిదేం ప్రశ్న బిడ్డా? మంచి రేటు వచ్చినప్పుడు మిర్చి గాకపోతే ఇంకేం పెడ్తరు?"

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కొంచెం గర్వమైంది.

"మరి మీ పక్క చెలకోళ్లు ఏం పెడ్తరు?"

"వాళ్లూ మిర్చే."

"వాళ్ల పక్కోళ్లు?"

"వాళ్లు గూడ..." అని ఆగిపోయాను.

ముందు బెంచీలో భద్రు అనే తండా పిల్లగాడు లేచాడు. "అందరు మిర్చి పెడ్తే మార్కెట్ల కుప్పలు పడ్తయ్. రేటు పడ్తది. పెట్టొద్దు మేడం!"

హమ్మయ్య, జవాబు దొరికిందని నేను సర్దుకొని కూర్చున్నాను. మేడం "ఔనా?" అని మాత్రం అన్నది. అంతలో మా అలేఖ్య, ఇంట్లో నోరు విప్పని పిల్ల, లేచింది.

"మేడం, మరి అందరు భద్రు లెక్కనే అనుకోని ఎవ్వరు పెట్టకుంటే? మిర్చే ఉండదు. రేటు మళ్లా పెరుగుతది. అప్పుడు పెట్టినోడే బతుకుతడు కద?"

"గట్లయితే పెట్టాల్నా?" భద్రు అడిగాడు.

"పెట్టాలె."

"అందరు నీ లెక్కనే అనుకుంటే?"

"అయితే పెట్టొద్దు."

"నువ్వే కదనే పెట్టాలె అన్నవ్!"

క్లాసంతా గొల్లుమన్నది. నేను మేడం వైపు చూశాను, ఇప్పుడైనా చెప్తుందని. ఆమె ఓమనీళ్లు ఒక గుక్క తాగింది. "పక్కోళ్లు ఏం పెడ్తరో తెలుసుకునుడు ఎట్ల? ఇంటికాడ అడిగి రాండ్రి" అన్నది. గంట కొట్టారు. అందరూ లేచి పోయారు. లొల్లి మాత్రం వరండా చివరి దాకా వినపడింది.

"జవాబేంది బిడ్డా?" అని నేను వెనక నుంచి అరిచాను. ఆమెకు ఇంకో క్లాసుకు టైమైంది.

మా తమ్ముడు పోశాలు కాటారంలో సేద్యం చేస్తాడు. ఈ ఏడు మిర్చి నారు పోశాడని నాకు తెలుసు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాను.

"తమ్మీ, నీ పక్కోళ్లు ఏం పెడ్తున్నరు?"

"మిర్చి అక్కా."

"వాళ్ల అవతలోళ్లు?"

"వాళ్లు గూడ మిర్చే. ఏందక్కా, ఫోన్ చేసి పక్కోళ్ల ముచ్చట?"

"కాలువ అవతల?"

"గా సంగతి నాకెట్ల తెలుస్తది?"

"అడిగి చెప్పు."

"నువ్వేమన్న కాలేజీల చేరినవా అక్కా?" అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. పది నిమిషాలకు వాడే మళ్లీ చేశాడు. గొంతులో నవ్వు లేదు. "అక్కా, కాలువ అవతల గూడ మిర్చేనట. ఎందుకడిగినవ్?"

మళ్లీ చెప్తానని ఫోన్ పెట్టేశాను. పెట్టు అనాలా, వద్దు అనాలా తెలియదు. ముత్తయ్యను అడిగితే, "బొగ్గుకు గట్ల ఉండదు, ఎంత తవ్వితే అంత అమ్ముడుపోతది" అని అటు తిరిగి పడుకున్నాడు. నేను మంచం మీద కూర్చొని ఎవరెవరు ఏమేం పెడితే ఏమవుతుందో చేతి వేళ్ల మీద పెట్టి చూశాను. ప్రతిసారీ మొదటికే వచ్చింది. నాకు ఐదు తరగతుల్లో సార్లు ఎన్ని పాఠాలు చెప్పారో, ఎక్కాలు తప్ప ఒక్కటీ గుర్తు లేదు. ఈమె చెప్పని పాఠం మాత్రం రెండు రోజులుగా వదలడం లేదు. ఇది చదువా, పీడా? ఇట్లా తికమక పెట్టడానికేనా పిల్లలను పంపుతున్నది? తేలని లెక్కతో పరీక్షలో ఏం రాస్తారు?

సోమవారం మధ్యాహ్నం రుక్మిణి వచ్చింది. "పెద్దమ్మా, ఆరింటికి ప్రిన్సిపాల్ సారు ఉంటడట. సంతకం పెట్టు" అని పెన్ను చేతిలో పెట్టింది. కాగితం, పెన్ను రెండూ తీసుకొని, "జర ఆగు" అని నేరుగా మేడం ఇంటికి పోయాను. ఆమె అప్పుడే కాలేజీ నుంచి వచ్చి గడప మీద కూర్చొని చెప్పులు విప్పుతున్నది. కాగితం విప్పి ఆమె ఒళ్లో పెట్టాను. చాటుమాటు నాకు చేతకాదు. ఆమె పదకొండు పేర్లూ చదివింది. ఖాళీ గీత మీద వేలు పెట్టి చూసింది.

"బిడ్డా, ఒక్క మాట అడుగుత. జనగామల నీ పాఠం కోసం కిటికీల కాడ నిలబడేటోళ్లట. గట్ల చెప్పేదానివి ఇక్కడెందుకు చెప్తలేవ్? ఇట్ల చేస్తే పిల్లలకు చదువు అంటుతదా, లేదా? నిజం చెప్పు. చెప్పినంక సంతకం సంగతి చూస్త."

ఆమె రెండో చెప్పు కూడా విప్పి గోడవారగా పెట్టింది. తర్వాత చెప్పింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"జనగామల అరవింద్ అని ఒక పిలగాడు ఉండె పెద్దమ్మా. మొదటి బెంచి. నేను మిర్చి పాఠం జెప్పిన్నాడు, మా బాపు వరంగల్ మార్కెట్ల బస్తాల మీద కూసొని ఏడ్చిన సంగతి జెప్పిన. క్లాసంత ఏడ్చింది. వాడు గూడ ఏడ్చిండు. రేటు ఎందుకు పడ్డదో బోర్డు మీద గీసి చూపిచ్చిన. అందరు చప్పట్లు గొట్టిండ్రు. మూడేండ్లకు బస్టాండుల కలిసి కాళ్లు మొక్కిండు. 'మీ పాఠం ఒక్క ముక్క మర్వలే మేడం' అని మా బాపు మాటలు నాకే అప్పజెప్పిండు. నాకు మస్తు సంబరమైంది. 'ఇప్పుడేం చేస్తున్నవ్ బిడ్డా?' అన్న. 'ముందటేడు మంచి రేటు ఉండెనని నాలుగెకరాలు కౌలుకు పట్టి మిర్చి పెట్టిన మేడం. ఊరంత గదే పెట్టిండ్రు. మునిగిన' అన్నడు. పాఠం వానికి గుర్తే ఉన్నది పెద్దమ్మా. పాఠంల ఉన్నది తనేనని తట్టలే. నేనెక్కడ తప్పు జెప్పిన్నో అని ఎన్నిసార్లు చూస్కున్ననో. తప్పు దొర్కలే. మంచిగనే జెప్పిన. గందుకే పరేషాన్ అయిన. ఇప్పుడు ఇట్ల చేస్తే అంటుతదా అంటే, నాకు గూడ ఎర్కలేదు. కని శనివారం మీరు పోయినంక భద్రు వచ్చిండు. 'మా బాపు నారు పోసిండు మేడం, ఇప్పుడేం చెప్పాలె?' అని అడిగిండు. జనగామల ఆరేండ్లు జెప్పిన, ఒక్కలు గట్ల వచ్చి అడగలే. ఏం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు. గందుకే వాళ్ల బాపునే క్లాసుకు తోల్కరమ్మన్న. రేపు వస్తనన్నడట. మీరు సంతకం పెట్టేదుంటే పెట్టుండ్రి, కని రేపటిదాంక ఆగి, మీరు ఫోన్ చేసి అడిగిండ్రట కద, అలేఖ్య చెప్పింది, ఆ మీ తమ్ముణ్ని గూడ కాటారంల బస్సెక్కి రమ్మనుండ్రి. కాలువ అవతలోళ్లు ఏం పెడ్తున్నరో క్లాసుల అందరి ముందట ఆయన్ని అడగాలె."